ఫీజు లేని పోకర్ టోర్నమెంట్‌లో టికెట్ దాకా: నా అనుభవం

నేను ఉండేది న్యూజెర్సీలో. ఇక్కడ ఆన్‌లైన్ పోకర్‌కి 2013 నుంచి చట్టబద్ధంగా అనుమతి ఉంది. 21 ఏళ్లు నిండాలి, ఆడేటప్పుడు రాష్ట్రంలోనే ఉన్నామో లేదో లొకేషన్ చూసి మరీ లోపలికి రానిస్తారు. మన దగ్గర సంగతి వేరు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్రం కూడా చట్టం తెచ్చింది. ఊళ్లో ఉన్నవాళ్లు ఇది చదివి ఏ యాప్‌లోనూ డబ్బు వేయొద్దని ముందే చెబుతున్నాను.

రమ్మీ ఇంట్లో ఆడుతూ పెరిగాను, పోకర్ మాత్రం ఇక్కడికొచ్చాకే. జేబులోంచి డాలరు తీయకుండా నేర్చుకోవాలని ఫ్రీరోల్స్ పట్టుకున్నాను. వీటికి ఎంట్రీ ఫీజు ఉండదు, ప్రైజు సైటే ఇస్తుంది. కొన్నింటిలో మధ్యలో రీబై (చిప్స్ పోయాక మళ్లీ కొనడం), యాడ్-ఆన్ (అదనపు చిప్స్ కొనడం) అని డబ్బు అడుగుతారు. అలాంటివి నేను ఆడను. పేరుకి ఫ్రీ అయి జేబుకి చిల్లు పెట్టేవి ఇవే.

మొదటి అరగంట జాతరలా ఉంటుంది. ఒకడు ఆల్-ఇన్ అంటాడు, అంటే ఉన్న చిప్స్ అన్నీ పెట్టేస్తాడు. వెనకే నలుగురు కాల్ చేస్తారు, అంటే అంతే పెట్టి ఆటలో ఉంటారు. మా బావమరిది పక్కన కూర్చుని, "ఉత్తినే వచ్చిన చిప్సే కదా బావా, నువ్వూ కొట్టెయ్" అనేవాడు. లెక్క చూడండి: చేతిలో రెండు ఆసులు ఉన్నా, ఒక్కడి మీదైతే 85 శాతం గెలుపు, ఏ ముక్కలతోనైనా వచ్చే నలుగురి మీదైతే 56 శాతమే. అదే రాజు-తొమ్మిదితో దూకితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందుకే మొదట్లో చాలా చేతులు ఫోల్డ్ చేసేస్తాను, అంటే ముక్కలు వదిలేస్తాను. రమ్మీలో మొదటి డ్రాప్ వేసే ఓపిక ఉన్నవాళ్లకి ఇది కష్టం కాదు.

మంచి ముక్కలు పడ్డప్పుడు మాత్రం పెద్దగా రేజ్ చేయాలి, అంటే పందెం పెంచాలి. ప్రతి ఆటలో ఇద్దరు ముక్కలు చూడకముందే తప్పనిసరిగా పెట్టే పందేలు బ్లైండ్స్, వాటిలో పెద్దది బిగ్ బ్లైండ్. మామూలు టోర్నమెంట్లలో బిగ్ బ్లైండ్‌కి రెండున్నర, మూడు రెట్లు చాలు. ఇక్కడ అంతే పెడితే ఐదుగురు వెంటపడతారు. ఒకసారి 25/50 బ్లైండ్స్‌లో, 3,000 చిప్స్‌తో ఉండగా నాకు ఆసు-రాజు పడ్డాయి. 300కి రేజ్ చేశాను, ఇద్దరు వచ్చారు. ఫ్లాప్‌లో, అంటే బల్ల మీద అందరికీ ఉమ్మడిగా తెరిచే మొదటి మూడు ముక్కల్లో, ఆసు, తొమ్మిది, నాలుగు. 700 పెట్టాను, ఒకరు మిగిలారు. తర్వాతి ముక్క ఉత్తిది, మిగిలిన 2,000 తోసేశాను. ఆయన క్షణం కూడా ఆలోచించకుండా కాల్ చేసి తొమ్మిది-ఎనిమిది చూపించారు! డబ్బు పెట్టి వచ్చినవాడైతే ఆ తొమ్మిదుల జతని ఎప్పుడో వదిలేసేవాడు. ఫ్రీరోల్‌లో బ్లఫ్ ఎందుకు పనికిరాదో ఆ ఒక్క చేతిలో అర్థమైపోతుంది. వదలనివాణ్ణి బెదిరించి లాభం లేదు. ముక్కలున్నప్పుడు వాడి చేత పెట్టించాలి.

సగం మంది వెళ్లిపోయాక ఆట మారుతుంది. బ్లైండ్స్ పెరిగిపోతాయి, అప్పటిదాకా నిలబెట్టిన ఓపికే ఇప్పుడు ముంచుతుంది. మన దగ్గర పది బిగ్ బ్లైండ్స్ కంటే తక్కువ ఉంటే రెండే దారులు: ఆల్-ఇన్ లేదా ఫోల్డ్. 200/400 బ్లైండ్స్, తొమ్మిది మంది టేబుల్, తలా 50 యాంటీ (అందరూ ముందే వేసే చిన్న పందెం) అనుకోండి. ముందున్నవాళ్లంతా ఫోల్డ్ చేశాక డీలర్ సీటు (బ్లైండ్స్ పెట్టే ఇద్దరికి సరిగ్గా ముందుండే సీటు) నుంచి 3,600 తోస్తే, ఎవరూ కాల్ చేయకపోతే వెయ్యి చిప్స్ లాభం. ఫ్లాప్ చూసే టెన్షన్ కూడా లేదు. ఆ సీటులో ఆసు-ఎనిమిదికి కూడా నేను వెనకాడను. అప్పటికి మిగిలినవాళ్లు కొంచెం జాగ్రత్తగా ఆడతారు, ఫోల్డ్ చేస్తారు కాబట్టే ఇది నడుస్తుంది.

నేను టికెట్ గెలిచిన ఫ్రీరోల్‌లో డబ్బు ప్రైజు లేదు. పై 20 మందికి పెద్ద టోర్నమెంట్ టికెట్, మొదటివాడికీ ఇరవయ్యోవాడికీ ఒకటే. 22 మంది మిగిలారు, నేను ఆరో స్థానంలో ఉన్నాను. నాకు రెండు రాజులు పడ్డాయి. నా ముందే చిప్స్ ఎక్కువున్న ఆయన ఆల్-ఇన్ అన్నారు. వేరే ఏ టోర్నమెంట్‌లోనైనా కళ్లు మూసుకుని కాల్ చేసే చెయ్యి. ఇక్కడ గెలిస్తే ఇంకో టికెట్ రాదు, ఓడితే ఉన్నది పోతుంది. ఫోల్డ్ చేశాను. చిప్స్ తక్కువున్నవాళ్ల మీదికి బ్లైండ్స్ వస్తున్నాయి, వాళ్లే ముందు తోయాలి. కాసేపటికి ఇద్దరూ వెళ్లిపోయారు, టికెట్ నా అకౌంట్‌లో పడింది.

ఆ తర్వాత సంగతికి నేను పాటించేది క్రిస్ ఫెర్గూసన్ పద్ధతి. 2000లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ గెలిచిన ఆయన, తర్వాత ఒక సవాలుగా తీసుకుని, సొంతంగా ఒక్క డాలరు కూడా వేయకుండా ఫ్రీరోల్స్‌తో మొదలుపెట్టి 10,000 డాలర్లు చేశాడు. అంతటివాడికీ ఏడాది పైనే పట్టింది. మరీ చిన్నవి మినహా, ఉన్నదాంట్లో 2 శాతానికి మించి ఏ టోర్నమెంట్‌కీ పెట్టకూడదన్నది ఆయన నియమం. టికెట్‌తో ఆడిన టోర్నమెంట్‌లో నాకు కాస్త డబ్బు వచ్చింది. దానికీ అదే నియమం పెట్టుకున్నాను, బయటి నుంచి డాలరు కలపలేదు.