కరెంటు పోయినప్పుడే రికార్డింగు

ఆదివారం. మే నెలాఖరు, రోహిణి కార్తె.

ఇవాళ పొద్దున్నుంచీ ఇంట్లో చప్పుళ్ళు వెతకడమే పనైపోయింది. మా మేనల్లుడు సెలవలకొచ్చాడు, బీటెక్ మూడో ఏడు, వాడికి పాటల పిచ్చి నాకు కీబోర్డు పిచ్చి, ఇద్దరం కలిసి వెనక గదిని చిన్న స్టూడియోలాగా చేసి అమ్మ పాడే మంగళహారతులన్నీ రికార్డు చేసి పెట్టుకుందామని ఎప్పట్నుంచో అనుకుంటున్నాం. ఇరవై వేలు దాటితే ఒప్పుకోనని మా ఆవిడ ముందే తేల్చి చెప్పేసింది, దాటలేదు కూడా.

మైకు దగ్గరే మా ఇద్దరికీ పెద్ద వాదన. వాడేమో సన్నటి చప్పుడు కూడా పట్టేసే కండెన్సర్ మైకే కొనాలంటాడు, యూట్యూబులో అందరి దగ్గరా అదే ఉంటుందిట. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు కేబుల్లోంచే వెళ్ళే కరెంటు ఇవ్వాలి, మైకుని లాప్‌టాప్‌కి కలిపే పెట్టె ఉంటుందే, ఆ ఇంటర్‌ఫేసులో బటన్ నొక్కితే అదీ వస్తుంది, నా గొడవ అది కాదు. బెజవాడ సత్యనారాయణపురంలో గోడకి గోడ ఆనుకున్న ఇళ్ళ మధ్య కండెన్సర్ పెడితే అమ్మ గొంతుతో పాటు పక్కింటి కుక్కర్ విజిళ్ళు, ఎదురింటి సీరియల్ డైలాగులు కూడా నీట్‌గా పడతాయిరా అన్నా. చివరికి నా మాటే నెగ్గింది, బెరింగర్ ఎక్స్ఎం 8500 డైనమిక్ మైకు, రెండు వేల చిల్లర. నాలుగు వేళ్ళ దూరంలో నోరు పెట్టి పాడితే గొంతు ముందుకొస్తుంది, గది వెనక్కి పోతుంది. ఇంటర్‌ఫేసు స్కార్లెట్ సోలో, ఏలూరు రోడ్డులో ఉండే ఫ్రెండు దగ్గర సెకండ్ హ్యాండుది. చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ ఒకటి, స్టాండు, కేబులు. లాప్‌టాప్ ఉన్నదే. రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ రీపర్, 60 రోజులు ఫ్రీగా వాడుకోవచ్చు, ఆ తర్వాత మనలాంటి వాళ్ళకి లైసెన్సు 60 డాలర్లు.

సామానంతా పొద్దున్నే బిగించేసి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఊరికే గదిని విన్నా. అబ్బో, ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో ఉంటున్నా ఇన్ని చప్పుళ్ళున్నాయని తెలీదు. ఫ్యాన్ సరే, తెలిసిందే. వంటింట్లో ఫ్రిజ్ గుర్రు. వీటన్నిటి కింద సన్నగా ఒకటే జుయ్యిమని మోత, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ యాభై దగ్గరా దాని రెట్టింపు వంద దగ్గరా గీతలు నిలబడి కనిపిస్తున్నాయి తెర మీద. లాప్‌టాప్ చార్జర్ పీకేస్తే ఠక్కున ఆగిపోయింది. మళ్ళీ పెడితే మళ్ళీ వచ్చింది. వీధి చివర ఉండే ఎలక్ట్రీషియన్ని పిలుచుకొస్తే ప్లగ్ విప్పి చూసి, సార్ దీనికసలు ఎర్తు వైరే కలపలేదు, మూడో బొక్క అలంకారానికే ఉంది అన్నాడు. ఇల్లు కట్టినప్పట్నుంచీ అంతేనట. రేపొచ్చి కలుపుతానన్నాడు, ఈలోగా బ్యాటరీ మీదే కానిద్దాం అనుకున్నాం.

తర్వాత బిందె. ఇది మాత్రం నేను మర్చిపోలేను. అమ్మ తంబూరా యాప్ పెట్టుకుని శృతి చూసుకుంటోంది, పంచమం దగ్గర నిలబడ్డప్పుడల్లా ఎక్కణ్ణుంచో ఇంకెవరో కూడా పాడుతున్నట్టు ఒక సన్నటి మోత. మైకా అనుకున్నాం, కేబులా అనుకున్నాం, వాడు కేబులు తిప్పి పెట్టాడు కూడా. ఎంతకీ తెగక నేను స్టూలెక్కి అటక మీద చెయ్యి పెట్టి చూస్తే అమ్మ పెళ్ళినాటి ఇత్తడి బిందె, ఖాళీది, వేళ్ళకి గిలిగిలిగా వణుకుతోంది! అమ్మ ఆపితే అదీ ఆగుతోంది. సరిగ్గా ఆ స్వరం దగ్గరే, ఇంకెక్కడా పలకదు. "అమ్మమ్మా, నీకు కోరస్ అటక మీదే ఉంది" అని వాడు ఒకటే నవ్వు. బిందెలో పాత చీరలు కుక్కితే నోరు మూసింది.

గది పదడుగులకి పదడుగులు, నున్నటి గోడలు, చప్పట్లు కొడితే టింగుమంటోంది. ఆన్‌లైన్లో అమ్ముతారే అంగుళం మందం నల్ల ఫోమ్ ముక్కలు, అవి కొందామన్నాడు వాడు. అవి పైస్థాయి శబ్దాన్నే తాగుతాయి, కింది స్థాయి గోడకి కొట్టుకుని తిరిగి అలాగే వచ్చేస్తుంది, చివరికి మిగిలేది మూసుకుపోయిన సౌండు. మందం కావాలి. మందం అంటే మా ఇంట్లో ఒకటే, గుంటూరు నుంచి అమ్మ తెచ్చుకున్న దూది పరుపు, ఇద్దరం మోస్తే గానీ కదలదు. పాడే మనిషి వెనక గోడకి కొంచెం ఎడంగా నిలబెట్టి కట్టాం, రెండు పక్కలా దుప్పట్లు, బొంతలు. తేడా వెంటనే తెలిసింది. వాడు లెక్కేసి చూపించాడు, శబ్దం సెకనుకి 343 మీటర్లు, పదడుగుల దూరంలో ఉన్న గోడల మధ్య 56 హెర్ట్జ్ దగ్గర అల నిలబడిపోతుందట. నా కీబోర్డు మీద బాగా కింద ఉండే 'ఏ' (A) అనే నోటు 55 హెర్ట్జ్. అందుకే అది నొక్కితే గది ఉబ్బుతున్నట్టుంటుంది కాబోలు. దానికి దూది పరుపు కూడా చాలదు, ఆ నోటు వాడకుండా సరిపెట్టుకోవడమే.

మంగళహారతుల్లో భక్త, ఫాల, భవ ఇలాంటివి వద్దన్నా వస్తాయి కదా, ఒక్కో ఒత్తక్షరానికీ గాలి మైకుని ఢబ్బుమని కొడుతోంది. మా ఆవిడ ఎంబ్రాయిడరీ రింగుకి పాత నైలాన్ చున్నీ ముక్క రెండు మడతలేసి బిగించి మైకు ముందు కట్టింది. పాప్ ఫిల్టర్ ఖర్చు మిగిలింది.

ఇంత చేశాక అసలు సమస్య మొదలైంది, ఫ్యాన్ ఆపాలి. బెజవాడలో, రోహిణి కార్తెలో, తలుపులేసుకుని, చుట్టూ పరుపులు కట్టుకుని ఫ్యాన్ ఆపడమంటే ఏంటో ఈ ఊళ్ళో ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. పోనీ ఆపామే అనుకో, వీధిలో పాత ఇనప సామాన్లు కొంటామంటూ మైకు బండి, అది పోయాక ముంజలు, అది పోయాక పక్కింటి మోటారు. ఇదివరకు పక్కనుంచి రైలు కూడా వెళ్ళేది, ఇప్పుడు ఆ పట్టాల చోట బస్సుల కోసమని వేసిన బీఆర్‌టీఎస్ రోడ్డొచ్చింది, హారన్లు మిగిలాయి. అమ్మకి విసుగొచ్చి "రేడియోలో ఎప్పుడైనా ఇలా ఫ్యాన్ మోత విన్నామట్రా" అంది. అమ్మ పాటలు సగం భక్తిరంజని విని నేర్చుకున్నవే. మన బెజవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబర్ 1న మొదలైంది, చిన్నప్పుడు స్కూలు వాళ్ళు పిల్లల ప్రోగ్రాంకి తీసుకెళ్తే లోపల ఆ నిశ్శబ్దానికి నాకు చెవుల్లో ఏదో అయినట్టు అనిపించింది. గవర్నమెంటు డబ్బులతో కట్టిన నిశ్శబ్దం అది, మనకెక్కణ్ణుంచి వస్తుంది.

పదకొండున్నరకి కరెంటు పోయింది. లైనుకి తగులుతున్న చెట్టు కొమ్మలు కొడుతున్నారట. మామూలుగా అయితే తిట్టుకునేవాణ్ణే. వాడు ఒక్క క్షణం ఆగి, "మావయ్యా, విను" అన్నాడు. ఫ్రిజ్ లేదు, మోటారు లేదు, సీరియల్ లేదు, వీధి మొత్తం మీద ఒక్క కూలరు తిరగట్లేదు. స్కార్లెట్‌కి విడిగా కరెంటు అక్కర్లేదు, లాప్‌టాప్ యూఎస్‌బీ నుంచే తీసుకుంటుంది. లాప్‌టాప్ ఎలాగూ బ్యాటరీ మీదే ఉంది. ఇన్వర్టరుందిగానీ అది హాలు వరకే.

"అమ్మమ్మా రా రా" అని వాడు, "అత్తయ్యగారికి వడదెబ్బ తగుల్తుందండీ" అని మా ఆవిడ, ఈలోపు అమ్మ తడి తువ్వాలు మెడకి చుట్టుకుని మైకు ముందు కూర్చునే ఉంది. వాడు మైకు శబ్దాన్ని పెంచే గెయిన్ మీటని ఎర్ర లైటు దాకా తిప్పబోతే చెయ్యి పట్టుకున్నా, 24 బిట్ నాణ్యతలో రికార్డు చేసేటప్పుడు గట్టిగా అక్కర్లేదు, తెర మీద ముల్లు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడితే చాలు, కావాలంటే తర్వాత పెంచుకోవచ్చు. అమ్మకి హెడ్‌ఫోన్స్‌లో తన గొంతు తనకే ఆలస్యంగా వినపడి తడబడింది, ఇంటర్‌ఫేసు మీదే డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటుంది, అది నొక్కితే లాప్‌టాప్ చుట్టూ తిరక్కుండా నేరుగా చెవిలోకొచ్చేస్తుంది, ఇంక ఏ ఇబ్బందీ లేదు. కరెంటొచ్చే లోపు నాలుగు హారతులు పడ్డాయి. మేం ముగ్గురం చెమటతో తడిసి ముద్దైపోయాం.

భోజనాలయ్యాక అమ్మకి వినిపించా. మొత్తం కళ్ళు మూసుకుని విని, "రెండో దాంట్లో చరణం ఎత్తు తగ్గింది, మళ్ళీ పాడాలి" అంది. మైకు గురించి, పరుపు గురించి ఒక్క ముక్క లేదు.

ఇంకా మూడు వేల దాకా మిగిలాయి. వాడు మళ్ళీ కండెన్సర్ పాట ఎత్తుకున్నాడు. నాకేమో తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ, కిటికీకి ఇంకో మందం కర్టెనూ కావాలి. రేపు ఆఫీసు నుంచొస్తూ వన్ టౌన్‌లో అడిగి చూడాలి. ఎలక్ట్రీషియన్‌కి కూడా పొద్దున్నే మళ్ళీ ఫోన్ చేసి గుర్తు చెయ్యాలి, లేకపోతే రాడు.