ఒక్క రోల్‌లో 130 మిల్లీసెకన్లు ఎక్కడికి పోతున్నాయి?

మొన్న కాశీనగర్‌లో మా బ్యాండ్ మూడో ప్రోగ్రాం అయింది. నేను డ్రమ్స్ వాయిస్తాను. పెళ్ళి రిసెప్షన్. మూడు గంటలు, 22 పాటలు, తెలుగూ ఒడియా హిందీ కలిపి. అందరూ బాగుందన్నారు. పెళ్ళికొడుకు నాన్నగారు స్టేజి మీదికొచ్చి నా భుజం తట్టి వెళ్ళారు. అయినా ఆ రాత్రి పర్లాకిమిడికి తిరిగొచ్చే వ్యానులో నాకు కన్ను మూతపడలేదు. ఒక పాట నా చేతుల్లోంచి జారిపోయింది.

పద్నాలుగో పాట అది. తెలుగు పాట, 96 బీపీఎం (నిమిషానికి 96 బీట్లు). రెండో చరణం మొదలయ్యాక మా పాడే అక్క నా వైపు తిరిగి, ఎడమ చేత్తో గాలిలో ఏదో కిందికి నొక్కుతున్నట్టు సైగ చేసింది. సౌండ్ తగ్గించమంటోందనుకున్నాను. స్నేర్ (నా ముందుండే ముఖ్యమైన డ్రమ్) మెల్లగా కొట్టాను. అక్క మళ్ళీ అదే సైగ చేసింది. ఇంకా మెల్లగా కొట్టాను. చరణంలో పొడుగు లైను ఒకటుంది, దాని చివరి రెండు మాటలు అక్క నోటి నుంచి రాలేదు. మైకు పక్కకి జరిపి ఊపిరి పీల్చుకోవడం నాకు కనబడింది. పాట అయ్యాక కీబోర్డ్ అన్న ఒక్క మాటన్నాడు. "ఏట్రా తమ్ముడూ, ఎవరో తరుముతున్నట్టు అలా పరిగెట్టించీసావు?"

అక్క చెప్పింది సౌండ్ గురించి కాదు, స్పీడ్ గురించి.

వీడియో ఉంది కాబట్టి మర్నాడు పొద్దున్నే దాని ఆడియో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో వేసి కొలిచాను. పాట మొత్తం 80 బార్లు (బారంటే నాలుగు బీట్లు). 96 దగ్గర ఒక బారుకి సరిగ్గా 2.5 సెకన్లు, అంటే పాట 3 నిమిషాల 20 సెకన్లు పట్టాలి. మాకు 3 నిమిషాల 9 సెకన్లు పట్టింది. పాటలో పెద్ద రోల్స్ (ఒక బారంతా డ్రమ్స్ మీద వరసగా కొట్టుకుంటూ పోయే దెబ్బలు) ఐదు: 8, 24, 40, 56, 72 బార్లలో. టెంపో ఇలా పోయింది: మొదట 96, మొదటి రోల్ తర్వాత 98, తర్వాత 100, 103, 105, ఆఖర్న 107. రెండు రోల్స్ మధ్య టెంపో దాదాపు కదలట్లేదు. ప్రతి రోల్ దగ్గరా మెట్టెక్కినట్టు ఎక్కుతోంది. ఎక్కిన చోటే నిలబడుతోంది, ఎందుకంటే మిగతా ముగ్గురూ నన్నే పట్టుకుని వాయిస్తున్నారు. ఇది చూశాక బాధపడ్డాను, కొంచెం ధైర్యం కూడా వచ్చింది. పాటంతా పాడవుతోందంటే ఎక్కడ పట్టుకోవాలో తెలియదు. ఐదు చోట్లే అంటే పట్టుకోవచ్చు.

ముందుగా అందరూ చెప్పేది స్టేజి టెన్షన్. కాదని తేలింది. ఇంటి వెనక రేకుల షెడ్డులో, ఎవరూ లేనప్పుడు, మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని బీటు చూపించేది) నాలుగు బార్లు మోగి నాలుగు బార్లు ఆగేలా పెట్టి వాయించాను. ఆ నాలుగు బార్ల నిశ్శబ్దం 10 సెకన్లు ఉండాలి. రోల్ లేకుండా ఉత్త బీట్ వాయిస్తే 9.96 వచ్చింది. నాలుగో బారులో రోల్ వేస్తే 9.84. అంటే రోల్ బారు ఒక్కటే 2.37 సెకన్లలో అయిపోతోంది. పెళ్ళిలో 96 మీద పడ్డ మొదటి రోల్ కూడా 2.38. మనుషులున్నా లేకపోయినా అదే తప్పు.

రెండో అనుమానం మానిటర్, అంటే వాయించేవాళ్ళు వినడానికి తమ వైపు తిప్పి పెట్టుకునే స్పీకర్. మాకు స్టేజి మానిటర్ లేదు, కీబోర్డ్ సౌండ్ ముందున్న పెద్ద బాక్సుల్లోంచి వెళ్ళి ఎదుటి గోడకి తగిలి నాకు తిరిగొస్తుంది. శబ్దం సెకనుకి దాదాపు 343 మీటర్లు పోతుంది, 12 మీటర్ల దూరంలో గోడ ఉంటే రానూపోనూ 70 మిల్లీసెకన్లు ఆలస్యం. కానీ ఆలస్యంగా వినబడేదాన్ని పట్టుకుని వాయిస్తే నేను నెమ్మదించాలి, పరిగెత్తకూడదు. కాబట్టి ఇదీ కాదు. మానిటర్ మాత్రం ఎలాగైనా కావాలి, అది వేరే విషయం.

తర్వాత రోల్‌ని ముక్కలు చేశాను. అందులో 16 దెబ్బలు, నాలుగేసి చొప్పున స్నేర్, మొదటి టామ్, రెండో టామ్, ఫ్లోర్ టామ్ (కుడివైపు నేల మీద నిలబడే పెద్ద డ్రమ్). ఒక్కో నాలుగుకి 0.625 సెకన్లు పట్టాలి. నావి వరసగా 0.62, 0.61, 0.59, 0.55. మొదటి నాలుగు బాగానే ఉన్నాయి, కుడివైపు పోతున్నకొద్దీ కాలం కుంచించుకుపోతోంది. ఫ్లోర్ టామ్ దగ్గర బండి లోయలోకి దిగినట్టే.

కాబట్టి సామాను మీద పడ్డాను. స్నేర్ మధ్య నుంచి ఫ్లోర్ టామ్ మధ్యకి 52 సెంటీమీటర్లుంది, 46కి తెచ్చాను. రోల్ 2.38. ఫ్లోర్ టామ్ ఒక అంగుళం దించాను. 2.39. స్టిక్స్ మార్చాను. విక్ ఫర్త్ కంపెనీ 5బి (0.595 అంగుళం లావు) బదులు 5ఏ (0.565). 2.37, తేడా లేదు. కానీ ఈ మార్పు ఉంచేస్తాను. మూడు గంటల ప్రోగ్రాంలో నా మణికట్టుకి 5ఏ హాయిగా ఉంది, సినిమా పాటలకి అంత బరువు అక్కర్లేదు కూడా. లావు స్టిక్కుంటేనే సౌండ్ వస్తుందని మా వైపు చాలామంది అంటారు, నేను ఒప్పుకోను. స్కిన్ మంచిదైతే సౌండ్ వస్తుంది. టామ్స్‌కి రెమో కంపెనీ పిన్‌స్ట్రైప్ స్కిన్లు వేశాక అది నాకు బాగా అర్థమైంది. దరువు పాటలకి గుండెలో తగిలేలా గుమ్మని పలుకుతున్నాయి.

ఇంకో పరీక్ష. చేతులు కదలకుండా 16 దెబ్బలూ స్నేర్ మీదే. 2.46. బాగా మెరుగుపడింది, అయినా 40 మిల్లీసెకన్లు ఇంకా తక్కువే. కదలిక వల్ల తప్పు పెరుగుతోంది గానీ, మూలం కదలిక కాదు. ఇక్కడ రెండు రోజులు ఆగిపోయాను. ఎడమ చెయ్యి బలహీనమనుకుని ఎడమ చేత్తో మొదలెట్టి వాయించాను, 2.36. అదీ కాదు.

మంగళవారం సాయంత్రం చెల్లిని బతిమాలి ఫోన్‌లో వీడియో తీయించాను, చేతులు బాగా కనబడేలా. తాతయ్య కూడా స్టూలు వేసుకుని షెడ్డు గుమ్మంలో కూర్చున్నారు. తాతయ్య మృదంగం వాయిస్తారు, చిన్నప్పుడు హరికథలకి ఊరూరా తిరిగారట. నా డ్రమ్స్ ఆయనకి అంత ఇష్టం ఉండదు, చెవులు దిబ్బడ వేస్తాయంటారు. వీడియో మేం ముగ్గురం కలిసి చూస్తున్నాం. నేనూ చెల్లీ స్టిక్స్ వైపు చూస్తున్నాం. తాతయ్య స్క్రీన్ కింది మూల మీద వేలు పెట్టి, "ఇంతసేపూ ఆడిన ఎడం కాలు ఇక్కడ ఎందుకాగిపోయిందిరా?" అన్నారు.

మళ్ళీ వెనక్కి తిప్పి చూశాం. బీట్ వాయిస్తున్నంతసేపూ హైహ్యాట్ (కాలితో మూసి తెరిచే జంట సింబల్స్) పెడల్ మీద నా మడమ ప్రతి బీటుకీ లేచి పడుతోంది. చెప్పు అంచు కిందున్న చిన్న తుప్పు మరక కనబడుతూ మాయమవుతూ ఉంది. రోల్ మొదటి దెబ్బకి మడమ గాలిలో ఆగింది. 16 దెబ్బలూ అయి క్రాష్ (రోల్ చివర కొట్టే పెద్ద సింబల్) పడేదాకా కిందికి రాలేదు. అంటే రోల్‌లో నాకు తాళం వేసేవాళ్ళే లేరు. చేతులు ఎంత వేగంగా పోదామనుకుంటే అంత వేగంగా పోతున్నాయి.

తాతయ్య ఇంకో మాట కూడా అన్నారు. రోల్‌ని సగం కాలంలో వాయించి చూడమన్నారు, 96కి బదులు 48. అప్పుడు రోల్ సరిగ్గా 5 సెకన్లుండాలి. నాది 4.76 వచ్చింది. నిదానంగా వాయిస్తే తప్పు తగ్గాలి కదా, 240 మిల్లీసెకన్లకి పెరిగింది. చేతి వేగం సమస్య కాదని ఈ లెక్కే నాకు గట్టిగా చెప్పింది. లోపల లెక్క నడవట్లేదు, అంతే. ఆ తర్వాత ఆయన విజయనగరం హరికథకులు ఆదిభట్ల నారాయణదాసు గారి గురించి చెప్పారు. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, ఐదింటితో ఐదు తాళాలు ఒకేసారి చూపించేవారట, దాన్ని పంచముఖి అంటారు. దాసుగారి పేరు విన్నాను గానీ ఈ సంగతి తెలియదు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. మా ఊరి నుంచి విజయనగరం ఎంత దూరమని! డ్రమ్మర్‌ని అయ్యుండి నాలుగు అవయవాల మాట అమెరికా వీడియోల్లో వెతుక్కుంటున్నాను, ఐదింటి మాట మా గుమ్మంలోనే ఉంది. ఆ రాత్రి చాలాసేపు అదే ఆలోచించాను.

బుధవారం నుంచి ఎడమ కాలు ఆపకుండా రోల్స్ వేస్తున్నాను. ఇది వినడానికి తేలిక, చెయ్యడానికి కాదు. మొదటి రోజు కాలు నడిస్తే చేతులు తడబడ్డాయి. చేతులు కుదిరితే కాలు మళ్ళీ గాలిలో ఉండిపోయింది. నిన్న 20 రోల్స్ రికార్డ్ చేశాను. సగటు 2.46, మంచిది 2.49, అన్నిటికన్నా చెడ్డది 2.41. ముక్కలు చేస్తే 0.625, 0.62, 0.615, 0.60. ఫ్లోర్ టామ్ ఇంకా లాగుతోంది. ఇరవైలో ఆరుసార్లు ఆ ఫ్లోర్ టామ్ దగ్గరికొచ్చేసరికి కాలు చేతుల వెనకే పరిగెత్తింది. అంటే అది తాళం వెయ్యడం మానేసి రోల్‌లో కలిసిపోయింది. ఆ ఆరింటినీ తీసేస్తే సగటు 2.48.

నోటితో తకధిమి, తకధిమి అంటూ వాయిస్తే నికరంగా 2.48 వస్తోంది, అన్నిసార్లూ. వన్ టూ త్రీ ఫోర్ అంటూ లెక్కపెడితే 2.45. ఎందుకో ఖచ్చితంగా తెలియదు, నా ఊహ ఇది: తకధిమిలో నాలుగు అక్షరాలకీ నాలుక సమానంగా పనిచేస్తుంది, వన్ టూ అన్నప్పుడు బీటు మీద మాత్రమే గుర్తుంటుంది, మధ్యలో దెబ్బలు గాలికి పోతాయి. డ్రమ్స్ నేర్చుకునే తెలుగు పిల్లలు తకధిమితోనే మొదలుపెట్టాలని నాకు గట్టిగా అనిపిస్తోంది.

మిగిలిన సమస్య క్రాష్. రోల్ 2.46 అయితే క్రాష్ 40 మిల్లీసెకన్లు ముందు పడుతుంది, గిటార్ వాయించేవాడు దాన్నే ఒకటో బీటనుకుని దూకుతాడు. క్రాష్ నా కుడి భుజం కంటే ఎత్తులో ఉంది, ఫ్లోర్ టామ్ నుంచి చెయ్యి పైకి ఎగరాలి. ఆ ఎగరడానికి సమయం చాలదన్న భయంతో చివరి నాలుగు దెబ్బలూ తొందరగా ముగించేస్తున్నానేమో. స్టాండ్ నాలుగు అంగుళాలు దించి చూడాలి. లేదా రోల్ ఫ్లోర్ టామ్‌తో కాకుండా స్నేర్‌తో ముగించాలి. రెండూ కొలుస్తాను.

మిగతావి బాగానే ఉన్నాయి. సంబల్‌పురి (పశ్చిమ ఒడిశా పాటల) బీట్ కుదిరింది, కాశీనగర్‌లో ఒడియా చుట్టాలు రెండుసార్లు అడిగి వాయించుకున్నారు. డబుల్ స్ట్రోక్స్ (ఒక్కో చేత్తో రెండేసి దెబ్బలు) 140 బీపీఎం మీద ఐదు నిమిషాలు ఆగకుండా వస్తున్నాయి.

చెవిలో క్లిక్ (మెట్రోనోమ్ చప్పుడు) పెట్టుకుంటే ఈ గొడవంతా ఉండదని కీబోర్డ్ అన్న అంటున్నాడు. అన్న మాట తీసెయ్యలేను, ఆయన పదేళ్ళుగా ఆర్కెస్ట్రాల్లో ఉన్నాడు. క్లిక్‌తో నా రోల్ 2.49, 2.50 వస్తుంది కూడా. కానీ మా ప్రోగ్రాంలలో పల్లవి ఎన్నిసార్లు తిప్పాలో జనాన్ని బట్టి అక్క అప్పటికప్పుడు చూసుకుంటుంది, కొన్ని లైన్లు సాగదీస్తుంది. క్లిక్ ఉంటే నేను అక్కని వినడం మానేసి దాన్ని వింటాను. ముందు కాలు కుదరాలి, తర్వాతే క్లిక్. ఎలక్ట్రానిక్ ప్యాడ్స్ కూడా కొనాలనుంది, రోలాండ్ ఎస్‌పీడీ-30. తబలా లాంటి వాయిద్యాల సౌండ్లు ఒకే స్టాండ్ మీద దొరుకుతాయి, ఆటోలో పట్టుకుపోవచ్చు. దానికన్నా ముందు మంచి కంచు హైహ్యాట్, బీ20ది (ఇరవై శాతం తగరం కలిసిన కంచు), 14 అంగుళాలది. ఇప్పుడున్నది ఇత్తడి, ప్రాక్టీసుకి చాలు, స్టేజి మీద మాత్రం కంచు మోతే వేరు. ప్లస్ టూ పరీక్షలయ్యాక గుణుపూర్ పాసింజర్ ఎక్కి విశాఖ వెళ్ళి చేత్తో కొట్టి చూసే కొనాలి, ఫోటో చూసి ఆర్డర్ పెట్టను.

సంక్రాంతికి పాతపట్నంలో ప్రోగ్రాం ఒప్పుకున్నాం, ఆ పాట లిస్టులో మళ్ళీ ఉంది. రేపటి నుంచి రోజూ 60 దగ్గర మొదలుపెట్టి నాలుగేసి పెంచుకుంటూ 96కి రావాలి, ప్రతి మెట్టు దగ్గరా పది రోల్స్, కాలు ఒక్కసారి ఆగినా మళ్ళీ కిందికి. ఆదివారం అక్క షెడ్డుకి వస్తానంది. రెండో చరణం ఒక్కటే పదిసార్లు పాడతానంది, ఆ పొడుగు లైను చివరిదాకా.