ఉత్తరానికి రైలు, తూర్పుకు బస్సు: వరంగల్ నుంచి గోదావరి దాకా

వరంగల్ నుంచి గోదావరి ఒడ్డుకు పోవడానికి మంచి దారులు రెండున్నాయి. ఉత్తరంగా వెళ్తే మంచిర్యాల ముందు రైలు నదిని దాటుతుంది. తూర్పుగా ములుగు మీదుగా వెళ్తే ఏటూరునాగారం తర్వాత ముల్లకట్ట దగ్గర బస్సు దాటుతుంది. దారి పొడుగునా చూస్తూ పోవాలంటే బస్సు మేలా, రైలు మేలా అని అడిగేవాళ్లకు నేను ముందు అడిగేది, ఏ దిక్కుకు పోతున్నారని. ములుగు జిల్లాలో రైల్వే స్టేషనే లేదు, కాబట్టి అటు ఆలోచించే పని లేదు. మంచిర్యాల వైపు మాత్రం రెండూ ఉన్నాయి. అక్కడ నా ఓటు రైలుకే. సెప్టెంబరు చివర్లో కాగజ్‌నగర్ దాకా రైల్లో వెళ్లొచ్చి, మర్నాడు బస్సులో బొగత జలపాతం దాకా వెళ్లాను. ఆ రెండు దారుల సంగతులివి.

సెప్టెంబరు ఎందుకంటే, టేకు చెట్టు ఆకు మీద ఉండే కాలమది. మంచిర్యాల దాటాక అడవిలో ఎక్కువగా టేకే. మాఘ, ఫాల్గుణాల నాటికి ఆకంతా రాల్చేసి మోడులా నిలబడుతుంది. ఏప్రిల్‌లో ఈ లైను మీద వెళ్లినవాళ్లు అడవి ఎక్కడుందని అడిగితే తప్పు పట్టలేం. జులై, ఆగస్టుల్లో పచ్చదనం ఇంకా బాగుంటుంది గానీ వాన దెబ్బ అప్పుడే. 2023 జులై 27న ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 64.98 సెంటీమీటర్ల వాన పడింది. ఆ వానలకే హసన్‌పర్తి, కాజీపేట మధ్య పట్టాల మీదికి నీళ్లొచ్చి రైళ్లు ఆగాయి. మోరంచవాగు పొంగి భూపాలపల్లి దారిలోని మోరంచపల్లి మునిగింది. పెద్ద వాన పడితే రైలూ ఆగుతుంది, బస్సూ ఆగుతుంది.

ముందు రైలు. తికమక మొదలయ్యేది స్టేషన్ పేరు దగ్గర. సికింద్రాబాద్ నుంచి ఉత్తరానికి పోయే రైళ్లు వరంగల్‌కు రావు, కాజీపేట నుంచే పైకి మళ్లుతాయి. విజయవాడ వైపు నుంచి ఢిల్లీ పోయే చాలా రైళ్లు వరంగల్‌లో ఆగి, కాజీపేట స్టేషన్‌లోకి పోకుండా బైపాస్ లైను పట్టుకుంటాయి. అందుకని ఒక్క వరంగల్ పేరుతోనే వెతికితే సగం రైళ్లు కనిపించవు. రెండు పేర్లతోనూ వెతకాలి. చూస్తూ పోవడానికి పనికొచ్చేది ఉదయం సికింద్రాబాద్‌లో బయల్దేరే కాగజ్‌నగర్ ఎక్స్‌ప్రెస్. అది కాజీపేటలో ఎక్కేది. సాయంత్రం వచ్చే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ కూడా అదే దారిలో పోతుంది గానీ, గోదావరి చేరేసరికి చీకటి పడుతుంది.

పేరు చివర ‘రోడ్’ అని ఉన్న స్టేషన్లతోనూ జాగ్రత్తగా ఉండాలి. ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్ ఉన్నది రెబ్బెనలో, ఆసిఫాబాద్ ఊళ్లో కాదు. భద్రాచలం రోడ్ అంటే కొత్తగూడెం. అక్కడ దిగితే గోదావరి ఇంకా చాలా దూరం, మళ్లీ బస్సెక్కాల్సిందే.

ఏసీ బోగీ వద్దు. రెండు పొరల అద్దం, దాని మీద వాన మరకలు, దుమ్ము. పచ్చని చేను కూడా బూడిద రంగులో కనిపిస్తుంది. స్లీపర్‌లో గానీ సిట్టింగ్‌లో గానీ కిటికీ రెక్క పైకెత్తుకుంటే గాలీ వస్తుంది, బొగ్గు గనుల వాసనా వస్తుంది. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. జనరల్ టికెట్ తీసుకుంటే ఒక నియమం గుర్తుంచుకోవాలి: 199 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి, టికెట్ తీసుకున్న మూడు గంటల్లోపు గానీ, ఆ తర్వాత వచ్చే మొదటి రైలుకు గానీ ఎక్కాలి. పొద్దున్నే తీసి జేబులో పెట్టుకుని మధ్యాహ్నం ఎక్కితే చెల్లదు.

ఎటు కూర్చోవాలన్నదే అసలు ప్రశ్న. ఈ లైను కాజీపేట నుంచి కాగజ్‌నగర్ దాకా దాదాపు తిన్నగా ఉత్తరానికి పోతుంది. ఉదయం ఎండ కుడి వైపున పడుతుంది కాబట్టి ఎడమ కిటికీ తీసుకోవాలి. పైగా మన దగ్గర జంట లైన్ల మీద రైళ్లు ఎడమ పట్టా మీద నడుస్తాయి, ఎదురొచ్చే రైలు కుడి వైపు నుంచి పోతుంది. బొగ్గు గూడ్సులు ఎక్కువగా తిరిగే ఈ లైనులో కుడి కిటికీ పట్టుకున్నవాళ్లకు సరిగ్గా చూడాల్సిన చోటే వ్యాగన్ల వరుస అడ్డొస్తుంది. మధ్యాహ్నం తిరిగి వచ్చేటప్పుడు ఎండ పడమటికి తిరుగుతుంది, మనం దక్షిణానికి తిరుగుతాం. అప్పుడూ ఎడమే చల్లన, ఎదురు రైలు మళ్లీ కుడి వైపే. అందువల్ల పోయేటప్పుడు నదికి ఎగువ వైపు, వచ్చేటప్పుడు దిగువ వైపు చూస్తాం. మూడో లైను వేసిన చోట్ల ఎదురు రైలు లెక్క కొంచెం మారొచ్చు, ఎండ లెక్క మాత్రం మారదు.

జమ్మికుంట దాకా పత్తి చేలు, వరి మళ్లు, చెరువు కట్టలు. జమ్మికుంట దాటాక, ఓదెలకు ముందు మానేరు వస్తుంది. ఇసుక ఎక్కువ, నీరు పాయలు పాయలుగా ఉంటుంది. పెద్దపల్లి తర్వాత రామగుండం ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు చాలా దూరం నుంచే కనిపిస్తాయి. అవి కనిపించగానే ఫోను పక్కన పెట్టేయాలి. రామగుండం దాటిన కాసేపటికి గోదావరి.

ఇక్కడ నీళ్లు ఎంతుంటాయన్నది ఎగువనున్న శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు గేట్లను బట్టి ఉంటుంది. దిగువన సుందిళ్ల బ్యారేజీ నిండిన ఏళ్లలో ఎండాకాలం కూడా ఈ వంతెన కింద నీళ్లు నిలిచేవి. 2023 అక్టోబరులో ఇంకా దిగువనున్న మేడిగడ్డ బ్యారేజీ స్తంభాలు కుంగాక సుందిళ్లలోనూ నీళ్లు నిలపడం ఆపేశారు. అప్పటి నుంచి వేసవిలో ఇసుక, రాళ్లే మళ్లీ పైకొచ్చాయి. నిండు గోదావరి కావాలంటే ఎల్లంపల్లి గేట్లు ఎత్తారన్న వార్త వచ్చిన వారంలో వెళ్లాలి. నేను వెళ్లినప్పుడు ఎర్ర నీళ్లు ఒడ్డు నుంచి ఒడ్డుకు పారుతున్నాయి. తలుపు దగ్గర మెట్ల మీద కూర్చుని చూడడం చాలామందికి సరదా. ప్రాణం సంగతి అటుంచితే, రైల్వే సిబ్బంది వద్దన్నా వినకపోతే రైల్వే చట్టం 156వ సెక్షన్ కింద అది నేరం, మూడు నెలల దాకా జైలు లేదా 500 రూపాయల దాకా జరిమానా, లేదంటే రెండూ. కిటికీ నుంచి అంతకంటే తక్కువేం కనిపించదు.

మంచిర్యాల తర్వాత మందమర్రి, బెల్లంపల్లి. సింగరేణి గనుల మట్టి గుట్టలు, వాటి మీద మొలిచిన గడ్డి. బెల్లంపల్లి దాటి రేచిని రోడ్ వైపు పోయేకొద్దీ టేకు అడవి పట్టాల దాకా వస్తుంది, మధ్య మధ్యలో తెల్లగా టేకు పూత. ప్యాసింజర్ ఎక్కితే ఈ ముక్కలోనే లూప్ లైనులో, అంటే పక్క పట్టా మీద నిలబెట్టి వెనకొచ్చే సూపర్‌ఫాస్ట్‌లను వదులుతారు. ఢిల్లీ, చెన్నై మధ్య ముఖ్యమైన దారి ఇదే. 1929లో కాజీపేట, బల్హార్షా లైను పూర్తయిన ఏడే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ మొదలైంది. సమయం ఉన్నవాళ్లకు ఆ ఆగడం మేలే, అడవి నిలకడగా కనిపిస్తుంది.

ఇదే మంచిర్యాలకు హుజూరాబాద్, కరీంనగర్, పెద్దపల్లి మీదుగా బస్సులో పోతే రాజీవ్ రహదారి, రైస్ మిల్లులు, పెట్రోలు బంకులు, ఊరు దాటితే ఊరు. గోదావరిఖని దగ్గర నదిని దాటుతుంది నిజమే, ఆ ఒక్క నిమిషం కోసం అంత దూరం రోడ్డు మీద కూర్చోనక్కర్లేదు.

తూర్పు దారి సంగతి వేరు. ఏటూరునాగారం బస్సులు హనుమకొండ బస్టాండు నుంచి బయల్దేరతాయి. వరంగల్ స్టేషన్ ఎదురుగా ఉన్న బస్టాండులో ఎదురుచూస్తే పొద్దు పోతుంది. కిటికీ సీటు కావాలంటే మొదలయ్యే చోటే ఎక్కాలి. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఆధార్ లాంటి తెలంగాణ చిరునామా కార్డు చూపించి జీరో టికెట్ అడిగి తీసుకోవాలి. బస్సులు నిండుగా పోతున్నాయి, ములుగులో ఎక్కితే నిలబడడమే. డీలక్స్ దొరికితే వరుసకు నాలుగే సీట్లు, కాళ్లు చాపుకోవచ్చు.

సీటు ఎంచుకునేటప్పుడు సంచి పెట్టే ముందు ఒకసారి కూర్చుని చూడండి. రెండు అద్దాల మధ్య నిలువు కమ్మీ సరిగ్గా మొహానికి అడ్డొచ్చే వరుసలు ప్రతి బస్సులోనూ ఉంటాయి. వెనక చక్రం మీది సీటు వద్దు, గుంత వచ్చిన ప్రతిసారీ నడుం పట్టేస్తుంది. ముందు వరుసలు ఆడవాళ్లవి. వాటి వెనక ఎడమ వైపు మూడో, నాలుగో వరుస మంచిది. పొద్దున ఈ దారిలో ఎండ ఎదురుగా, కాస్త కుడి నుంచి వస్తుంది. పైగా ఇసుక లారీలన్నీ కుడి వైపు నుంచే ఎదురొస్తాయి. ఎడమన కూర్చుంటే అడవి చెయ్యి చాపినంత దూరంలో ఉంటుంది.

ములుగు ముందు గట్టమ్మ గుడి దగ్గర మేడారం పోయేవాళ్లు మొదటి మొక్కు చెల్లిస్తారు. ఆ తర్వాత జంగాలపల్లి క్రాస్ రోడ్డు. రామప్ప గుడికి ఇక్కడ మళ్లాలి. 1213 నాటి ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. దానికి ఒక రోజు విడిగా పెట్టుకోవాలి, ఇదే ప్రయాణంలో ఇరికిస్తే రెండూ చెడతాయి. చల్వాయి దగ్గర లక్నవరం చెరువు దారి విడిపోతుంది. గోవిందరావుపేట, పస్రా. అడవి మొదలయ్యేది పస్రా తర్వాతే.

పస్రా నుంచి తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం దాకా దాదాపు గంటసేపు అభయారణ్యం గుండా పోతాం. నల్లమద్ది, ఇప్ప, తునికి, వెదురు పొదలు. రైల్లో అడవి వెనక్కి పరుగెత్తుతుంది. ఇక్కడ బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ముందు అద్దంలోంచి కూడా చెట్లే వస్తుంటాయి. అందుకే ఈ అడవి బస్సులోనే చూడాలంటాను. 2024 ఆగస్టు 31న సుడిగాలికి తాడ్వాయి, మేడారం మధ్య వేల చెట్లు కూలాయి. మేడారం వైపు మళ్లితే ఆ ఖాళీ తెలుస్తుంది. అడవిలో ఫోను సిగ్నల్ సరిగా అందదు. ఎవరికైనా చెప్పాల్సింది ఉంటే పస్రాలోనే చెప్పేసుకోవాలి. చాయ్, మూత్రవిసర్జన కూడా అక్కడే కానిచ్చుకోవడం మంచిది.

ఏటూరునాగారం తర్వాత ముల్లకట్ట వంతెన. బస్సు సీటు వంతెన పిట్టగోడ కంటే ఎత్తున ఉంటుంది కాబట్టి నది అడ్డు లేకుండా కనిపిస్తుంది. అవతల పూసూరు, వాజేడు మండలం. బొగతకు చీకుపల్లి దగ్గర దిగి ఆటో పట్టుకోవాలి. వరద ఎక్కువైతే అటవీ శాఖ సందర్శకులను ఆపేస్తుంది, బయల్దేరే ముందు కనుక్కోవాలి.

బోర్డు చూసి ఎక్కడం చాలా ముఖ్యం. ములుగు జిల్లాలో రామప్ప దగ్గరిది వెంకటాపూర్, గోదావరి అవతలిది నూగూరు వెంకటాపురం. పొరపాటున మొదటి దానికి ఎక్కితే ఎటో పోతారు. “అన్నా, ముల్లకట్ట మీదికెళ్లి పోతదా?” అని కండక్టర్‌ను అడిగితే సందేహం ఉండదు. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమికి వస్తుంది. ఆ వారం, దాని ముందు వెనక వారాలు ఈ దారి పూర్తిగా భక్తులది, దృశ్యాల కోసం అప్పుడు బయల్దేరొద్దు.

గోదావరి అవతలి నుంచి సాయంత్రం తిరుగు బస్సులు తక్కువ. దిగగానే చివరి బస్సు ఎన్నింటికో ఏటూరునాగారంలోనే అడిగి రాసుకున్నాను. వెనక్కి వచ్చేటప్పుడు కూడా ఎండ ఎదురుగా, కాస్త కుడి నుంచే వస్తుంది, మళ్లీ ఎడమ సీటే తీసుకోవాలి. తాడ్వాయి దాటేదాకా వెలుగు ఉండాలంటే బొగతలో మూడు గంటలకల్లా బయల్దేరాలి.