సుఖ్నా కట్ట మీద మిల్ఖాని తలుచుకుంటూ

మాది సికింద్రాబాద్. తిరుమలగిరిలో సైన్యం వారి ఇ.ఎం.ఇ. సెంటర్ పక్కనుంచి ఏళ్ల తరబడి బస్సులో తిరిగాను. మిల్ఖా సింగ్ పరుగు మొదలుపెట్టింది ఆ సెంటర్‌లోనేనని నాకు తెలిసింది మాత్రం 2021 జూన్‌లో, ఆయన పోయిన రోజు. అప్పటినుంచీ ఆయన స్థిరపడ్డ చండీగఢ్ చూడాలని ఉండేది. మొన్న డిసెంబర్‌లో మా అబ్బాయిని తీసుకుని వెళ్లాను.

పొద్దున్నే సుఖ్నా చెరువుకి చేరాం. ఒకటే మంచు. అవతల ఉండాల్సిన శివాలిక్ కొండలు కనిపించనే లేదు. వాగుకి కట్ట వేసి ఈ చెరువుని 1958లో కట్టారు. అదే ఏడు కార్డిఫ్‌లో మిల్ఖా 440 గజాల పరుగు గెలిచారు. కామన్వెల్త్ క్రీడల అథ్లెటిక్స్‌లో మనకి మొదటి బంగారు పతకం అదే.

కట్ట మీద నడుస్తూ మావాడికి ఆయన కథ చెప్పాను. దేశ విభజనలో అమ్మానాన్నల్ని పోగొట్టుకుని ఢిల్లీ చేరాడు. టికెట్ లేకుండా రైలెక్కి జైలుకెళితే అక్క తన నగలమ్మి విడిపించింది. సైన్యం మూడుసార్లు వద్దంది, నాలుగోసారి తీసుకుని సికింద్రాబాద్ పంపింది. అక్కడ కొత్తవాళ్లందరికీ ఓ దూరపు పరుగు పెట్టారు. మొదటి పదిమందిలో వస్తే రోజూ అదనంగా ఓ గ్లాసు పాలు. మిల్ఖా ఆరోవాడిగా వచ్చాడు. ఆ పాల గ్లాసు దగ్గర నా గొంతు పట్టేసింది. ఆకలి తెలిసిన కుర్రాడు కాబట్టే పరిగెత్తాడు.

1960 రోమ్ గురించి చెప్పడం ఇంకా కష్టమైంది. 400 మీటర్ల ఫైనల్లో కాంస్యం గెలిచిన దక్షిణాఫ్రికా పరుగువీరుడు స్పెన్స్‌ది 45.5 సెకన్లు, మిల్ఖాది 45.6. ఆ క్రీడలకి ముందున్న ఒలింపిక్ రికార్డు 45.9. దాన్ని దాటి కూడా నాలుగో స్థానమే!

"అంటే ఏమీ ఇవ్వలేదా నాన్నా?" అన్నాడు.

"లేదు నాన్నా."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా ఫోన్ తీసుకుని స్టాప్‌వాచ్ పెట్టి, సరిగ్గా 0.1 దగ్గర ఆపాలని చూశాడు. 0.2 పడింది. మళ్లీ నొక్కాడు, 0.3. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా వదల్లేదు. మంచు విడి కొండలు బయటపడేదాకా ఆ బెంచీ మీదే కూర్చున్నాం.