మానేయడమా, మానుకోవడమా?

పాఠం జరుగుతున్నప్పుడు పక్కవాళ్ళతో కబుర్లాడకుండా 'రిఫ్రెయిన్' కావాలని నిరుడు మా అమ్మాయి రిపోర్టు కార్డులో టీచరు రాశారు. ఆ మాటకు అర్థమేమిటని పాప అడిగితే, వంట హడావుడిలో ఉన్న నేను "మాట్లాడటం మానేయమని" అన్నాను. తొమ్మిదేళ్ళ పిల్ల ఆ మాటనే పట్టుకుని, జవాబు తెలిసిన ప్రశ్నకు కూడా చెయ్యెత్తకుండా, నెల రోజులు తరగతిలో నోరు విప్పలేదు. తప్పు నాదే. మానేయడమంటే ఇక ఆ పని జోలికి పోకపోవడం. రిఫ్రెయిన్ అంటే ఆ చోట, ఆ వేళకు, చేయాలనిపించినా చేయకుండా ఉండటం. రాజమండ్రి వెళ్దామనుకుని ఎండ చూసి మానుకున్నామంటామే, అలాంటిది.

జూలైలో కోనసీమలోని మా ఊరికి వెళ్తూ ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఆగాము. కాటన్ దొర ఆధ్వర్యంలో 1852లో పూర్తయిన ఆనకట్టకు బదులుగా తరువాతి కాలంలో కట్టిన ఈ బ్యారేజీకి 175 గేట్లున్నాయి. గోదావరికి ఎర్రనీరు వచ్చింది. గేటు దించితే నీటిని ఆపుతుందని, అది 'రిస్ట్రెయిన్' అని, నీరు మాత్రం తనను తాను ఆపుకోలేదని పాపకు చెప్పాను. రిస్ట్రెయిన్ అన్నప్పుడు ఎవరిని, దేనిని అన్న ప్రశ్నకు జవాబు ఉండి తీరాలి. రిఫ్రెయిన్‌కు ఆ అవసరం లేదు, కనుక తమ్ముణ్ణి రిఫ్రెయిన్ చేశాననడం తప్పు. రిఫ్రెయిన్ అనే క్రియ లాటిన్‌లో కళ్ళేనికి వాడే మాట నుంచి వచ్చింది. ఆ కళ్ళెం ఎవరి చేతిలో ఉందో తెలపడానికి మనకు 'కొను' ఒక్కటి చాలు: ఆపడం, ఆపుకోవడం. ఇన్నేళ్ళు తెలుగు మాట్లాడుతూ కూడా, పిల్లకు చెప్పవలసి వచ్చేదాకా నేను దీన్ని గమనించనే లేదు.

ఆ సాయంత్రం అరుగు మీద పాప వేసుకుంటున్న బొమ్మను మా అన్నయ్య కొడుకు లాగితే కాగితం సగానికి చిరిగింది. పాప చెయ్యి పైకి లేచింది, ఒక్క క్షణం అలాగే ఉండి మెల్లగా ఒళ్ళోకి దిగింది. కళ్ళ నిండా నీళ్ళు.

"కొట్టబోయి ఊరుకుంది, నా తల్లే! ఊరుకో అమ్మలూ, ఏడవకు," అంటూ మా అమ్మ దగ్గరకు తీసుకుంది.

"అమ్మా, అమ్మమ్మ రెండుసార్లు ఊరుకోవడమే అంది. రెండూ రిఫ్రెయినేనా?" అని పాప వెక్కుతూనే అడిగింది.

మొదటిది అదేనమ్మా, రెండోది ఏడుపు ఆపమని ఓదార్చడం అన్నాను.