బ్యారేజీ మీద మొదలైన గలగల

విజయవాడలో పొద్దున్నే బయలుదేరి ఉండవల్లి, తుళ్ళూరు మీదుగా అమరావతి వెళ్ళి, అక్కడి నుంచి తాడికొండ దారిలో గుంటూరు చేరి, సాయంత్రానికి మంగళగిరి మీదుగా ఇంటికి రావాలని ఆ ఆదివారం నేనూ మా బావమరిదీ అనుకున్నాం. అంతా కలిపితే వంద కిలోమీటర్లు దాటే చిన్న తిరుగుడు. బావమరిదిది కొత్త బండి. నాది 2012 నాటి, సెకండ్ హ్యాండులో కొన్న రెండు సిలిండర్ల 650 సీసీ బండి. ముందు చక్రానికి రెండు వైపులా 300 మిల్లీమీటర్ల బ్రేకు డిస్కులుంటాయి. బరువైనదే అయినా మాట వినే బండి. ఆ రోజు మాత్రం ఇంటి నుంచి ప్రకాశం బ్యారేజీ దాకా వచ్చేలోపే మొరాయించడం మొదలుపెట్టింది.

డెబ్భై గేట్ల బ్యారేజీ మీద రోడ్డు అతుకులు చాలానే ఉంటాయి. ఒక్కో అతుకు దాటినప్పుడల్లా ముందు చక్రం దగ్గర, రేకు డబ్బాలో నాలుగు మేకులు వేసి ఊపినట్టుగా గలగలమని మోగసాగింది. ఫిబ్రవరి మంచులో కృష్ణ నీళ్ళు కూడా సరిగా కనిపించని ఆ నిశ్శబ్దంలో చప్పుడు మరీ పెద్దదిగా వినిపించింది. బావమరిది పక్కకు వచ్చి, "బావా, బండికి గజ్జెలు కట్టించావా?" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ముందు బ్రేకు దగ్గర వచ్చే చప్పుడుతో ఆటలాడకూడదని నా భయం.

ఉండవల్లి గుహల ముందు ఆగి, లోపల శయనించిన అనంతపద్మనాభుణ్ణి తర్వాత చూడవచ్చని, ముందు బండి సంగతి చూశాం. మడ్‌గార్డు బోల్టులు, హెడ్‌లైటు పట్టీ, నంబరు ప్లేటు, కేబుళ్ళు ఒక్కొక్కటే పట్టుకొని ఊపాను. అన్నీ గట్టిగానే ఉన్నాయి. చివరికి ఖాళీ రోడ్డు మీద మెల్లగా పోనిస్తూ ముందు బ్రేకు లీవరు మీద రెండు వేళ్ళు ఆనించాను. బండి ఆగేంత కాదు, ప్యాడ్లు డిస్కును తాకేంత మాత్రమే. గలగల ఠక్కున ఆగిపోయింది. వేళ్ళు తీస్తే మళ్ళీ మొదలు. అంటే చప్పుడు డిస్కుల నుంచో, ప్యాడ్లను డిస్కు మీదికి ఒత్తే కాలిపర్‌లో ఆ ప్యాడ్ల నుంచో వస్తున్నదన్నమాట. అయితే ఈ పరీక్ష అక్కడితో ఆగిపోతుంది. లీవరు ఆనిస్తే ప్యాడ్లూ బిగుసుకుంటాయి, డిస్కూ బిగుసుకుంటుంది. రెండింటిలో దోషి ఎవరో లీవరు చెప్పదు.

నా బండి డిస్కు ఒకే పలక కాదు. ప్యాడ్లు పట్టుకునే బయటి ఉక్కు వలయం వేరు, చక్రానికి బోల్టులతో బిగించే లోపలి అల్యూమినియం చట్రం వేరు. రెండింటినీ కలిపేవి ఆరు చిన్న గుండ్రటి పిన్నుల్లాంటి బాబిన్లు, వాటి వెనుక అలలా వంగిన పలుచటి వాషర్లు, వాటిని జారిపోకుండా పట్టే సర్‌క్లిప్పులు. బ్రేకు వేసినప్పుడు ఉక్కు వలయం వేడెక్కి వ్యాకోచిస్తుంది. 300 మిల్లీమీటర్ల డిస్కు రెండు వందల డిగ్రీలు వేడెక్కితే అర మిల్లీమీటరుకు పైగానే పెరుగుతుంది. చల్లగా ఉన్న చట్రానికి దాన్ని గట్టిగా బిగించి ఉంచితే ఆ పెరుగుదలకు చోటు లేక వలయం వంకరపోతుంది. అందుకే తయారీలోనే కదలడానికి కాస్త సందు, అంటే ఆట, వదులుతారు. ఇదంతా నేను చదివి ఉన్నాను. చదివిన దాన్ని బట్టి కొంత గలగల మామూలేనని నాకు నేను సర్దిచెప్పుకొని కరకట్ట వెంట తుళ్ళూరు వైపు సాగాను. అది నేను చేసిన పొరపాటు.

అమరావతిలో అమరేశ్వరుడి దర్శనం చేసుకొని, దారిలో ఒక షాపులో చూపించాను. ఆ అబ్బాయి బండి మీద కూర్చొని, ముందు బ్రేకు గట్టిగా పట్టి, బండిని ముందుకూ వెనక్కూ ఊపాడు. హ్యాండిల్లోకి టక్ టక్ అని తెలిసింది. "కోన్‌సెట్ పోయింది సార్, మార్చాలి" అని, హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగుల మీదికి తేల్చేశాడు. అతన్ని తప్పు పట్టలేను. బ్రేకు పట్టి ఊపితే టక్కుమనేది చాలా బళ్ళలో కోన్‌సెట్టే. కానీ అదే ఊపులో ముందు చక్రాన్ని పట్టే ఫోర్కుల్లోని బుష్‌లు అరిగినా టక్కుమంటుంది, కాలిపర్ వదులైనా టక్కుమంటుంది, డిస్కుకూ చట్రానికీ మధ్య ఆట పెరిగినా టక్కుమంటుంది. చక్రాన్ని గాల్లోకి లేపించి, ఫోర్కుల కింది భాగాలను రెండు చేతులతో పట్టుకొని లాగి చూశాను. అక్కడ ఏ టక్కూ లేదు. చక్రాన్ని అడ్డంగా ఊపితే బేరింగులూ బాగానే ఉన్నాయి. కోన్‌సెట్ మార్పించకుండానే బయలుదేరాం.

తాడికొండ, లాం దాటి గుంటూరులోకి వచ్చేసరికి ఎండ ముదిరింది. మిర్చి సీజను కావడంతో బస్తాల లారీలు వరుసగా ఎదురవుతున్నాయి. హెల్మెట్లో తుమ్మడం ఎంత నరకమో గుంటూరు చుట్టుపక్కల వాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. ప్రతి తుమ్ముకూ బండి కుదుపు, ప్రతి కుదుపుకూ గలగల. అరండల్‌పేటలో అడిగితే పెద్ద బళ్ళు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడని చెప్పి ఒక సందు చూపించారు.

ఆయనకు అరవై దాటి ఉంటాయి. "బాబాయ్, ముందు చక్రంలో చప్పుడు" అన్నాను. అమరావతిలో చెప్పిన కోన్‌సెట్ కథ కూడా విని ఏమీ అనలేదు. "నువ్వు కూర్చొని బ్రేకు పట్టి ఊపు, అబ్బాయ్" అని బావమరిదిని బండెక్కించి, తాను నేల మీద గొంతుక్కూర్చున్నాడు. బొటనవేలి గోరును సగం ఉక్కు వలయం మీద, సగం చట్రం మీద ఉండేలా ఒక బాబిను పక్కన ఆనించాడు. ఎడమ డిస్కు మీద రెండు మూడు ఊపులు చూసి తల అడ్డంగా ఊపాడు. కుడి వైపు మొదటి ఊపుకే, "ఇదిగో, ఇక్కడ కొడుతోంది" అన్నాడు. నా వేలు పెట్టించాడు. ఊపిన ప్రతిసారీ గోరు కింద వలయం చట్రం మీద నుంచి సన్నగా జరిగి ఆగుతోంది. హ్యాండిల్లో టక్కుమన్నది ఇదే.

"పక్కకు ఊగితే పరవాలేదు బాబూ, అది ఉండాల్సిందే. తిరిగే దిక్కులో ఊగకూడదు" అన్నాడాయన. నేను చదివిన పేజీలన్నీ ఆ రెండు వాక్యాల్లో సర్దుకున్నాయి. ఎడమ డిస్కును వేళ్ళతో పట్టి ఊపితే చక్రం నుంచి బయటికీ లోపలికీ కొద్దిగా కదిలింది, చుట్టూ తిప్పబోతే మాత్రం కదలలేదు. కుడి డిస్కు రెండు విధాలా కదిలింది.

తర్వాత కాలిపర్లు రెండూ విప్పి, బ్రేకు గొట్టాల మీద బరువు పడకుండా తీగలతో ఫోర్కులకు కట్టి, చక్రాన్ని తిప్పుతూ అరచేత్తో టైరు మీద కొట్టాడు. చప్పుడు వచ్చింది గానీ బ్యారేజీ మీద విన్నంత లేదు. మిగతా సగం ఎక్కడిది? కుడి కాలిపర్‌ను వెలుతురులో తిప్పి చూసి నా వైపు అదోలా చూశాడు. ప్యాడ్లను ఒత్తిపట్టి ఉంచే పలుచటి స్ప్రింగు రేకు అందులో లేదు. అంతకు ముందు నెల నేనే ఇంట్లో ప్యాడ్లు తీసి శుభ్రం చేశాను. ఆ రేకు మా ఇంట్లో పాత బూస్టు డబ్బాలో భద్రంగా ఉందని చెప్పడానికి ఎంత సిగ్గుపడ్డానో! బావమరిది ఆ మాటను ఇప్పటికీ వదల్లేదు.

ఆయన మైక్రోమీటరుతో డిస్కు మందం కూడా చూశాడు. అంచున అరగని గట్టు ఉంటుంది కాబట్టి వెర్నియర్ దవడలు దాని మీద కూర్చొని ఎక్కువ చూపిస్తాయట. 4.7 వచ్చింది, కనీసం 4.5 మిల్లీమీటర్లు ఉండాలని డిస్కు మీదే చెక్కి ఉంది. చట్రాన్ని చక్రానికి పట్టే బోల్టులు గట్టిగానే ఉన్నాయి. అవే వదులై ఉంటే బండిని అక్కడి నుంచి కదలనిచ్చేవాణ్ణి కాదని అన్నాడు. సర్‌క్లిప్పులు తీసి బాబిన్లు బయటికి లాగితే కారణం తెలిసింది. అల వాషర్లలో ఒకటి విరిగి ఉంది, మరొకటి అసలు లేదు. బిగువు లేక వలయం ప్రతి బ్రేకుకూ బాబిన్లను ఒకే పక్క కొట్టి, గుండ్రంగా ఉండాల్సిన వాటిని పలక బార్చింది. సందు కొలిచే ఫీలర్ గేజి రేకు పెడితే ఒకచోట అర మిల్లీమీటరు సందు. చట్రంలో బాబిన్లు కూర్చునే అర్ధవృత్తపు గుంటలు మాత్రం అదృష్టవశాత్తూ చెడలేదు. అవీ సాగి ఉంటే డిస్కు మొత్తం మార్చాల్సి వచ్చేది.

బాబిన్లను తొంభై డిగ్రీలు తిప్పి పెడితే ఇవాళ్టికి ఆట తగ్గుతుంది కదా అని అడిగాను. "తగ్గుతుంది. విరిగిన వాషరుకు ఏం చేస్తావు?" అన్నాడు. లేత్‌లో కొత్తవి తీయించుకోవచ్చుగా అన్న నా రెండో సలహాకూ, బ్రేకు సంగతిలో చేతి లెక్క వద్దని కొట్టిపారేశాడు. బండి అక్కడే వదిలేశాను. బావమరిది వెనక కూర్చొని, రెండు హెల్మెట్ల మధ్య మిర్చి బజ్జీల పొట్లం నలుగుతుండగా, కాజ టోల్‌ప్లాజా, మంగళగిరి దాటి ఇంటికి చేరాను.

బాబిన్లు, వాషర్లు, సర్‌క్లిప్పుల సెట్టు మూడు వారాలకు వచ్చింది. బూస్టు డబ్బాలోని రేకు కూడా జేబులో వేసుకొని బస్సెక్కి గుంటూరు వెళ్ళాను. సందుల్లో పేరుకున్న ప్యాడ్ల పొడిని ఆయన బ్రేకు క్లీనరుతో కడిగాడు. నూనె చుక్క కూడా తగలనివ్వలేదు. తిరిగే చక్రం మీద నూనె చివరికి ప్యాడ్ల మీదికే చేరుతుంది. బిగించాక మళ్ళీ అదే గోరు పరీక్ష. ఈసారి వలయం కదల్లేదు.

తిరుగు దారిలో కావాలనే జాతీయ రహదారి వదిలి ఉండవల్లి వైపు మళ్ళి బ్యారేజీ ఎక్కాను. మొదటి అతుకు దగ్గర ఊపిరి బిగబట్టాను. ఎడమ వైపు నుంచి సన్నగా ఒక్క 'క్లింక్' వినిపించింది. లీవరు మీదికి వెళ్ళబోయిన వేళ్ళను మళ్ళీ హ్యాండిల్ మీదే పెట్టుకొని దుర్గగుడి వైపు సాగిపోయాను.