రెండు వేల డాలర్ల గాలి గొట్టం

మా కారు 2013 మోడల్. జర్మన్ కంపెనీది, టర్బో ఇంజిన్. నేను కొనేనాటికే ఒకరి చేతిలో బాగా తిరిగింది, ఇప్పుడు లక్షా ముప్పై వేల మైళ్ళు దాటింది. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ నుంచి శాంటాక్లారాలో ఆఫీసుకి, శనివారం పిల్లని ఈత క్లాసుకి, ఇండియన్ స్టోర్‌కి, పండగలప్పుడు లివర్‌మోర్ గుడికి, అన్నిటికీ అదే. ఈ వేసవిలో పొద్దున స్టార్ట్ చేయగానే వణకడం మొదలుపెట్టింది. సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్ అదురుతోంది. 880 ఫ్రీవే ఎక్కేటప్పుడు ఎంత తొక్కినా పికప్ లేదు. ఆ తర్వాత ఇంజిన్ లైటు వెలిగింది.

ఇరవై డాలర్ల స్కానర్ పెట్టి చూస్తే పి2015 అన్న కోడ్ చూపించింది. ఇంజిన్‌లోకి గాలిని తీసుకెళ్ళే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో చిన్న రెక్కలుంటాయి. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు అవి దారిని కొంత మూసి గాలిని సుడి తిప్పుతాయి, పెట్రోలు బాగా కలవాలని. వేగం పెరిగితే పూర్తిగా తెరుచుకుంటాయి. ఆ రెక్కలు చెప్పిన చోట లేవని సెన్సర్ ఫిర్యాదు చేస్తే వచ్చే కోడ్ అది. మానిఫోల్డ్ మొత్తం ప్లాస్టిక్. రెక్కల్ని తిప్పే మీట కూడా ప్లాస్టిక్. ఏళ్ళ తరబడి ఇంజిన్ వేడికి అరిగి వదులైపోతుంది. ఈ తరహా ఇంజిన్లకి ఇది తెలిసిన రోగమే. కంపెనీ కూడా కొన్ని మోడళ్ళకి ఈ ఒక్క భాగం మీద వారంటీని పదేళ్ళకి, లేదా 1,20,000 మైళ్ళకి పొడిగించింది. మా కారు రెండు గీతలూ దాటేసింది.

వాట్సాప్ గ్రూపులో అడిగితే సగం మంది ఒకే సలహా ఇచ్చారు: "స్కానర్‌తో కోడ్ చెరిపేసి, మర్నాడే స్మాగ్ టెస్టుకి వెళ్ళిపో." కాలిఫోర్నియాలో ఈ వయసు కారుకి రెండేళ్ళకోసారి స్మాగ్, అంటే పొగ కాలుష్య పరీక్ష, పాస్ అయితేనే రిజిస్ట్రేషన్ రెన్యూ అవుతుంది, ఇంజిన్ లైటు వెలుగుతుంటే ఫెయిలే. మాకు ఈ ఏడాదే వంతు. కానీ ఆ ఉపాయం పాతకాలానిది. కోడ్ చెరిపితే దాంతోపాటు కంప్యూటర్ చేసుకున్న స్వీయ పరీక్షల ఫలితాలు కూడా పోతాయి. పెట్రోలు ఆవిరికి సంబంధించిన ఒక్కటి తప్ప మిగతావన్నీ మళ్ళీ పూర్తయితే గానీ మా లాంటి కారుని పాస్ చేయరు. పైగా 2019 జులై నుంచి, 2010, ఆ తర్వాతి మోడళ్ళలో పర్మనెంట్ కోడ్లు కూడా చూస్తున్నారు. వాటిని స్కానర్ చెరపలేదు. రోగం నయమైందని కారు కంప్యూటర్‌కే నమ్మకం కుదిరితే అవే పోతాయి. ఇంకొకాయన, మీటకి అడ్డంగా బిగించే చిన్న ఇనుప బ్రాకెట్ దొరుకుతుందని, నలభై యాభై డాలర్లలో లైటు ఆరిపోతుందని చెప్పాడు. ఆరుతుంది, నిజమే. లోపల రెక్కలు అరిగినవి అరిగినట్టే ఉంటాయి.

డీలర్ దగ్గర మూడు వేలకి పైన చెప్పారు. మిల్పిటాస్‌లో వియత్నాం నుంచి వచ్చిన ఒక పెద్దాయన షాపు ఉంది, అక్కడ రాసిచ్చిన ఎస్టిమేట్ ఇలా ఉంది: ఒరిజినల్ మానిఫోల్డ్ 640, గాస్కెట్లు 60, లేబర్ గంటకి 190 చొప్పున ఐదు గంటలు 950, వాల్వుల క్లీనింగ్ 400. పన్ను పార్టుల మీదే పడుతుంది, లేబర్ మీద లేదు. అన్నీ కలిపి 2,100 పైచిలుకు. కారుని ఈ స్థితిలో అమ్మితే నాలుగు వేలు వస్తే గొప్ప.

ఆ క్లీనింగ్ ఎందుకని అడిగితే టార్చి వేసి వివరించాడు. పాత ఇంజిన్లలో పెట్రోలు ఇన్‌టేక్ వాల్వుల (సిలిండర్లోకి గాలిని వదిలే తలుపులు) మీద పడుతూ వాటిని కడిగేది. ఇందులో నేరుగా సిలిండర్లోకి కొడుతుంది కాబట్టి వాల్వుల వెనక ఎప్పుడూ పెట్రోలు తడి తగలదు. క్రాంక్‌కేస్ అనే ఇంజిన్ కింది భాగం నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి అక్కడ చేరి మాడి గట్టిపడుతుంది. పెట్రోల్లో ఏ మందు కలిపినా అక్కడిదాకా చేరదు. అక్రోటు పెంకుల పొడిని గాలితో కొట్టి రాలగొట్టాల్సిందే. పెంకు మసిని రాల్చేంత గట్టిది, లోహాన్ని గీరనంత మెత్తనిది. (మన ఇంట్లో పారేసే అక్రోటు పెంకులకి ఇక్కడ నాలుగొందల డాలర్ల ఉద్యోగం.) మానిఫోల్డ్ విప్పితేనే వాల్వులు కనపడతాయి కాబట్టి ఇది ఇప్పుడే చేయించాలి. తర్వాత విడిగా చేయిస్తే విప్పే కూలీ మళ్ళీ కట్టాలి.

రెండు వేల డాలర్లని రూపాయల్లోకి మార్చి చూసి నాన్న లక్షా ఎనభై వేలా అని ఫోన్లో చాలాసేపు మాట్లాడలేదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీలతో బతికిన మా మామయ్య మాత్రం డబ్బు ఊసే ఎత్తలేదు.

"అల్లుడూ, ఆయిల్ తాగుతోందా?"

"లేదు మామయ్యా."

"పొగ?"

"లేదు."

"గేరు మారేటప్పుడు కొడుతోందా?"

"అదీ లేదు."

"అయితే జబ్బు గుండెది కాదురా, ముక్కుది. చేయించుకో."

ఇక్కడ అందరూ వేసే లెక్క వేరు: రిపేరు ఖర్చు కారు విలువలో సగం దాటితే వదిలేయమంటారు. నాకు అది తప్పు లెక్కలా కనిపిస్తుంది. నేను కారుని అమ్మబోవడం లేదు కదా, దాని విలువతో పనేముంది? పోల్చాల్సింది దీన్ని వదిలేస్తే వచ్చి పడే ఖర్చుతో. పాతిక వేల కారు ఆరేళ్ళ లోన్ మీద తీసుకుంటే, ఏడున్నర శాతం వడ్డీకి నెలకి 430 పైనే. లోన్ ఉంటే ఇన్సూరెన్స్ కూడా ఫుల్ కవరేజీ తీసుకోవాలి. ఈ రిపేరు తర్వాత పాత కారు ఐదు నెలలు నడిస్తే ఖర్చు రాబట్టుకున్నట్టే, ఆపైన నడిచిందంతా లాభమే.

వీసా మీద ఉన్నవాడికి ఇంకో లెక్క కూడా ఉంది. హెచ్1బి ఒక్కసారికి ఇచ్చేది గరిష్ఠంగా మూడేళ్ళు. నా డ్రైవింగ్ లైసెన్స్ మీద గడువు కూడా ఆ కాగితాల తేదీ ప్రకారమే ఉంది. ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి దొరికేది అరవై రోజులు, అదీ గరిష్ఠంగా. మూడేళ్ళ కాగితం పట్టుకుని ఆరేళ్ళ అప్పు మీద సంతకం పెట్టడం నా వల్ల కాదు. నాకు తెలిసిన ఒక కుటుంబం రెండేళ్ళ కిందట లేఆఫ్‌లో తిరిగి హైదరాబాద్ వెళ్ళింది. ఫర్నిచర్ ఉచితంగా ఇచ్చేశారు, ఫ్లాట్ లీజు తెంచుకున్నారు. తలనొప్పి అంతా లోన్ ఉన్న కారుతోనే. అమ్మితే వచ్చేదానికన్నా బ్యాంకుకి కట్టాల్సింది ఎక్కువ. ఆ తేడా చేతి నుంచి వేసుకుని కట్టి విమానం ఎక్కారు. అందుకే మాలో చాలామంది మంచి జీతం వస్తున్నా పాత కారులోనే తిరుగుతారు. ఊళ్ళో వాళ్ళకి అది పిసినారితనంలా కనిపిస్తుంది.

కారు షాపులో ఉన్న రోజుల్లో వార్మ్ స్ప్రింగ్స్‌లో బార్ట్ రైలు ఎక్కి, మిల్పిటాస్‌లో దిగి, ఆరెంజ్ లైన్ లైట్ రైల్లో ఆఫీసుకి వెళ్ళాను. కారులో అరగంట పట్టే దారి గంటన్నరకి దగ్గర పడింది. రైలు బాగానే ఉంది, చోటు కూడా ఉంది. కానీ సాయంత్రం డేకేర్ మూసే వేళకి అందుకోలేక ఒకరోజు పక్కింటావిడని బతిమాలాల్సి వచ్చింది. ఇంజిన్ లైటు కన్నా నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది అదే.

ఈ రాష్ట్రంలో పని మొదలుపెట్టేముందు షాపువాళ్ళు రాతపూర్వకంగా ఎస్టిమేట్ ఇవ్వాలి, అది దాటేటట్టుంటే మళ్ళీ మన అనుమతి అడగాలి. పాత పార్టులు కావాలని ముందే చెబితే మామూలుగా తిరిగి ఇవ్వాలి కూడా. నేను అడిగాను. పెద్దాయన పాత మానిఫోల్డ్‌ని అట్టపెట్టెలో పెట్టి ఇచ్చాడు. మీటని వేలితో కదిపితే లొడలొడమంటోంది. రెక్కల చుట్టూ నల్లటి జిగురు, గోటితో గీకినా రాలేదు. మా ఆవిడ దాన్ని ఇంట్లోకి రానివ్వలేదు.

బిల్లు ఎస్టిమేట్ దాటలేదు. వణుకు పోయింది. ఫ్రీవే మీద మళ్ళీ కారులా పరిగెడుతోంది. స్మాగ్‌కి వెంటనే వెళ్ళకుండా మామూలుగా తిప్పాను. పర్మనెంట్ కోడ్ ఇంకా మిగిలి ఉన్నా, మామూలు కోడ్లు చెరిపాక కనీసం 200 మైళ్ళు తిరిగి, ఇంజిన్ చల్లారి వేడెక్కడం పదిహేనుసార్లయినా జరిగితే దాన్ని లెక్కలోకి తీసుకోరు. మైళ్ళు తొందరగానే అయిపోయాయి, ఆ పదిహేనుసార్లే నింపాదిగా నడిచాయి. టెస్టు పాస్ అయింది. రిజిస్ట్రేషన్ స్టిక్కర్ పోస్టులో వచ్చింది.

వాటర్ పంప్ దగ్గర కొంచెం చెమ్మ ఉందని, వచ్చే ఆయిల్ మార్పుకి చూద్దామని పెద్దాయన బిల్లు వెనక రాసిచ్చాడు. ఎంతవుతుందని అడిగితే తొమ్మిదొందలు అన్నాడు. అంటే నా లెక్కలో ఇంకో రెండు నెలల కిస్తీ. అది చేయిస్తాను. గేరు మారేటప్పుడు కొట్టడం మొదలుపెడితే మాత్రం మామయ్యకి ఫోన్ చేయకుండానే అమ్మేస్తాను.